కండకి పగ్గం వేసే రిసెప్టర్, దాన్ని అడ్డుకునే ప్రొటీన్లు

కండ పెరగాలంటే ఏం చెయ్యాలి అని అడిగితే అందరూ చెప్పేది ఒకటే, బరువులు ఎత్తు, ప్రొటీన్ తిను, బాగా పడుకో. ఇవన్నీ కండని పెరగమని చెప్పే సిగ్నల్స్. కానీ "ఇక చాలు, ఆగు" అని చెప్పే సిగ్నల్ కూడా ఒంట్లో రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటుంది, దాని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. ఆ సిగ్నల్ పేరు మయోస్టాటిన్. ఇది ఒక ప్రొటీన్, దీన్ని ఎక్కువగా తయారుచేసేది కండ కణాలే, అంటే కండ తన ఎదుగుదలకి తనే పగ్గం వేసుకుంటుంది. ఈ మయోస్టాటిన్ వెళ్ళి కణం మీదున్న రిసెప్టర్‌ని, అంటే సిగ్నల్ అందుకునే ప్రొటీన్‌ని, పట్టుకుంటేనే పని జరుగుతుంది, మరి ఆ పట్టుకోవడం జరగకుండా చేసే ప్రొటీన్లు కొన్ని ఒంట్లోనే ఉన్నాయి, ఇంకొన్నిటిని ల్యాబ్‌లో తయారుచేశారు. అడ్డుకోవడం వరకూ చాలామందికి కుదిరింది. ఏ మెట్టు దగ్గర అడ్డుకున్నాం, ఏ వయసులో అడ్డుకున్నాం అన్నదాన్ని బట్టే ఫలితం మొత్తం మారిపోయింది, ఈ ముప్పై ఏళ్ళ పరిశోధన అంతా చూస్తే తెలిసేది అదే.

1997లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో సే-జిన్ లీ, అలెగ్జాండ్రా మెక్‌ఫెరాన్ వాళ్ళ టీం ఎలుకల్లో మయోస్టాటిన్‌ని తయారుచేసే జీన్‌ని పనిచెయ్యకుండా చేసి చూశారు. ఆ ఎలుకల కండలు మామూలు ఎలుకల కండల కన్నా రెండు మూడు రెట్లు బరువు తూగాయి. అదే ఏడాది ఇంకో పాత చిక్కుముడి కూడా వీడిపోయింది. యూరప్‌లో బెల్జియన్ బ్లూ, పీడ్‌మాంటీస్ అని రెండు జాతుల పశువులు ఉన్నాయి, చర్మం కింద కండలు విడివిడిగా ఉబ్బి కనిపిస్తాయి, డబుల్ మజిల్ పశువులు అంటారు. ఎందుకలా ఉంటాయో చాలాకాలం తెలియలేదు. చూస్తే బెల్జియన్ బ్లూలో మయోస్టాటిన్ జీన్ నుంచి 11 డీఎన్ఏ అక్షరాలు ఎగిరిపోయి ఉన్నాయి, పీడ్‌మాంటీస్‌లో ప్రొటీన్‌లోని ఒకే ఒక్క ఆమైనో ఆసిడ్ మారిపోయి ఉంది. అంత చిన్న మార్పుకి అంత పెద్ద ఒళ్ళు. అయితే కడుపులో దూడే బాగా పెద్దదైపోతుంది కాబట్టి బెల్జియన్ బ్లూ ఆవులకి చాలావరకు ఆపరేషన్ చేసి దూడని బయటికి తియ్యాల్సి వస్తుంది, ఈ సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి.

2007లో విప్పెట్ అనే రేసు కుక్కల మీద వచ్చిన రిపోర్ట్ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ప్రతి జీన్‌కీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రెండు కాపీలు వస్తాయి, మయోస్టాటిన్ జీన్‌లో రెండు అక్షరాలు పోయిన కాపీ ఒక్కటే ఉన్న కుక్కలు మిగతా విప్పెట్ల కన్నా వేగంగా పరిగెత్తుతున్నాయి, రెండు కాపీలూ అలాంటివే అయితే మాత్రం మెడా తొడలూ ఉబ్బిపోయి అసలు విప్పెట్ పోలికే ఉండదు. అంటే పగ్గం సగం సడలితే ఒక ఫలితం, పూర్తిగా తెగితే ఇంకో ఫలితం. మనుషుల్లో కూడా ఒక కేసు 2004లో బయటికొచ్చింది, జర్మనీలో పుట్టిన ఒక బాబుకి పుట్టుకతోనే తొడలు, చేతుల కండలు తేలి కనిపించాయి, పరీక్ష చేస్తే రెండు కాపీల్లోనూ మయోస్టాటిన్ జీన్ చెడిపోయి ఉంది. నాలుగున్నరేళ్ళ వయసుకి చేతులు చాపి ఒక్కో చేత్తో 3 కిలోల డంబెల్ పట్టుకోగలిగాడు. వాళ్ళమ్మకి ఒక కాపీలో అదే మార్పు ఉంది, ఆవిడ ఒకప్పుడు ప్రొఫెషనల్ స్ప్రింటర్.

ఇక్కడ చాలామంది జారిపోయే పాయింట్ ఒకటుంది. ఈ ఎలుకలు, పశువులు, కుక్కలు, ఆ బాబు, వీళ్ళందరిలోనూ మయోస్టాటిన్ పిండం దశ నుంచే లేదు. కండ తయారయ్యే దశలో మయోబ్లాస్ట్‌లు అనే చిన్న కణాలు ముందు విభజన చెంది సంఖ్య పెంచుకుంటాయి, తర్వాత ఒకదానితో ఒకటి కలిసిపోయి పొడుగాటి కండ పోగులు అవుతాయి. మయోస్టాటిన్ ఆ విభజనని తగ్గిస్తుంది, కలిసి పోగు అవడాన్ని కూడా తగ్గిస్తుంది. అది మొదట్నుంచీ లేకపోతే పోగుల సంఖ్యా పెరుగుతుంది, ఒక్కో పోగు మందమూ పెరుగుతుంది. పెద్దయ్యాక అడ్డుకుంటే మాత్రం ఉన్న పోగులు లావెక్కడమే ప్రధానంగా జరుగుతుంది, కొత్త పోగులు పెద్దగా రావు. కాబట్టి ఇంజెక్షన్ వేయించుకున్న పెద్ద మనిషి బెల్జియన్ బ్లూ ఎద్దులా అయిపోతాడు అనుకోవడం తప్పు, రెండూ వేరే వేరే ఘట్టాలు.

సరే, రిసెప్టర్ దగ్గర అసలేం జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. మయోస్టాటిన్ పుట్టినప్పుడు 375 ఆమైనో ఆసిడ్‌ల పొడుగు గొలుసు. దాన్ని ఫ్యూరిన్ అనే ఎంజైమ్ ఒకచోట కోస్తుంది, చివరి 109 ఆమైనో ఆసిడ్‌ల ముక్కే అసలు పనిచేసే భాగం, అలాంటి ముక్కలు రెండు జతగా అతుక్కుని ఉంటాయి. తమాషా ఏంటంటే కోసేసిన ముందు భాగం, దాన్ని ప్రోపెప్టైడ్ అంటారు, అది వదిలిపోదు, అసలు భాగాన్ని చుట్టుకునే ఉంటుంది. అలా చుట్టుకుని ఉన్నంతసేపు మయోస్టాటిన్ రిసెప్టర్‌ని పట్టుకోలేదు. తర్వాత టోలాయిడ్ కుటుంబానికి చెందిన ఇంకో ఎంజైమ్ వచ్చి ఆ ప్రోపెప్టైడ్‌ని తెంపితేనే మయోస్టాటిన్‌కి విడుదల. అంటే ఈ ప్రొటీన్‌కి మొదటి అడ్డంకి దాని సొంత శరీరంలోంచే వచ్చింది. ఈ నిద్రపోతున్న రూపం తర్వాత మందుల దగ్గర మళ్ళీ ముఖ్యమవుతుంది.

విడుదలైన మయోస్టాటిన్ కండ కణం పొర మీద ఉండే యాక్టివిన్ రిసెప్టర్ 2బీ అనే దాన్ని పట్టుకుంటుంది, దానికి దగ్గరి చుట్టం 2ఏ ని కూడా పట్టుకోగలదు కానీ 2బీ తోనే పట్టు ఎక్కువ. పట్టుకున్నాక ఇంకో రిసెప్టర్ని, టైప్ 1 రకం, ఆల్క్4 గానీ ఆల్క్5 గానీ, పక్కకి లాక్కుంటుంది. టైప్ 2 రిసెప్టర్ లోపలి భాగం ఎప్పుడూ పనిచేస్తూనే ఉండే ఎంజైమ్, పక్కనే చేరిన టైప్ 1 కి ఫాస్ఫేట్ తగిలిస్తుంది, అలా మేలుకున్న టైప్ 1 కణం లోపలున్న స్మాడ్2, స్మాడ్3 అనే ప్రొటీన్లకి ఫాస్ఫేట్ తగిలిస్తుంది, అవి స్మాడ్4 ని తోడు తీసుకుని న్యూక్లియస్‌లోకి పోయి జీన్‌ల పని మార్చేస్తాయి. ఇంకోపక్క కండ పెరుగుదలకి ఇంజన్‌లా పనిచేసే ఏకేటీ అనే ప్రొటీన్ జోరు తగ్గుతుంది, ఏకేటీ తగ్గితే ఫాక్సో అనేవి లేచి కండలోని ప్రొటీన్లని విరగ్గొట్టే మెషినరీని ఆన్ చేస్తాయి. కొత్త ప్రొటీన్ కట్టడం తగ్గి, ఉన్నది విరిగిపోవడం పెరుగుతుందన్నమాట.

దీంట్లో ఇంకో లోతైన విషయం 2013లో తేలింది. బీఎంపీ అనే ప్రొటీన్ల కుటుంబం స్మాడ్1, స్మాడ్5, స్మాడ్8 ల ద్వారా కండని పెంచే వైపు సిగ్నల్ ఇస్తుంది, వాటికి కూడా స్మాడ్4 తోడు కావాలి. ఉన్న స్మాడ్4 కోసం రెండు పక్షాలూ పోటీ పడతాయి. మయోస్టాటిన్ వైపు సిగ్నల్ తగ్గితే స్మాడ్4 ఖాళీ అయ్యి బీఎంపీ వైపు పోతుంది, అందుకే పగ్గం తీసెయ్యడం అంటే ఊరికే ఆపడం ఆగిపోవడం మాత్రమే కాదు, తోసే బలం కూడా పెరుగుతుంది.

ఇప్పుడు అడ్డుకునేవాళ్ళ సంగతి. ఒంట్లో సహజంగా ఉన్నవాటిలో అందరికన్నా బలమైనది ఫాలిస్టాటిన్. ఇది రిసెప్టర్ జోలికి పోదు, మయోస్టాటిన్‌నే పట్టుకుంటుంది. 2009లో ఈ రెండిటి క్రిస్టల్ నిర్మాణం, అంటే అవి అతుక్కుని ఉన్న అసలు ఆకారం, బయటికొచ్చాక స్పష్టంగా కనిపించింది, రెండు ఫాలిస్టాటిన్‌లు రెండు వైపుల నుంచీ వచ్చి ఒక మయోస్టాటిన్ జతని పూర్తిగా చుట్టేస్తాయి, టైప్ 1 రిసెప్టర్ తగిలే చోటు, టైప్ 2 తగిలే చోటు రెండూ మూసుకుపోతాయి. ఫాలిస్టాటిన్ యాక్టివిన్ అనే ఇంకో ప్రొటీన్‌ని కూడా ఇలాగే పట్టేస్తుంది. మయోస్టాటిన్ అసలే లేని ఎలుకల్లో ఫాలిస్టాటిన్‌ని ఎక్కువ చేస్తే ఏమవుతుందని 2007లో సే-జిన్ లీ చూశారు, కండలు మామూలు కన్నా దాదాపు నాలుగు రెట్లు అయ్యాయి. మయోస్టాటిన్ లేకుండానే రెట్టింపు అయిన కండ, ఫాలిస్టాటిన్ వల్ల మళ్ళీ రెట్టింపు అయిందంటే ఏంటి అర్థం? ఆ రిసెప్టర్ దగ్గరికి వచ్చి కండని ఆపుతున్నది మయోస్టాటిన్ ఒక్కటే కాదని, ఇంకెవరో ఉన్నారని. ఈ ఒక్క ప్రయోగం తర్వాత జరిగిన చాలా ఫెయిల్యూర్లకి ముందే కారణం చెప్పినట్టయింది, దీనికి రావాల్సినంత గుర్తింపు రాలేదనే చెప్పాలి.

రిసెప్టర్‌నే అడ్డుకునే సహజ ప్రొటీన్ కూడా ఉంది, ఇన్హిబిన్. అండాశయాల్లో, వృషణాల్లో తయారవుతుంది, బీటాగ్లైకాన్ అనే సహాయకుడితో కలిసి యాక్టివిన్ టైప్ 2 రిసెప్టర్ మీద కూర్చుంటుంది కానీ టైప్ 1 ని పిలవదు. తాళంలో విరిగిన తాళంచెవి ఇరుక్కుపోయినట్టు, అది తిరగదు, ఇంకోదాన్ని దూరనివ్వదు. సిగ్నల్ రాకుండా చోటు ఆక్రమించడం అంటే ఇదే.

ల్యాబ్‌లో తయారైనవాటిని మూడు దారులుగా చూడొచ్చు. మయోస్టాటిన్‌ని మాత్రమే పట్టుకునే యాంటీబాడీ (ఒక లక్ష్యాన్ని వెతికి పట్టుకునే ప్రొటీన్) ఒకటి. రిసెప్టర్ బయటి భాగాన్ని కోసి, యాంటీబాడీ తోకకి అతికించి రక్తంలోకి వదిలే దొంగ రిసెప్టర్ ఇంకోటి, మయోస్టాటిన్ అసలు రిసెప్టర్ అనుకుని దాన్ని పట్టుకుని అక్కడే ఉండిపోతుంది. మూడోది నేరుగా కణం మీదున్న రిసెప్టర్‌నే కప్పేసే యాంటీబాడీ.

మొదటి దారిలో వైత్ కంపెనీ మయో-029 అనే యాంటీబాడీని కండరాల క్షీణత ఉన్న 116 మంది పెద్దవాళ్ళ మీద పరీక్షించింది, 2008లో వచ్చిన ఫలితం ప్రకారం ప్రమాదం లేదు కానీ బలం పెరగలేదు. ఫైజర్ డొమాగ్రోజుమాబ్ అనే యాంటీబాడీని డుషెన్ అనే కండరాల క్షీణత జబ్బు ఉన్న పిల్లల మీద పరీక్షించి 2018లో ఆపేసింది, రోష్ వాళ్ళ మందు కూడా 2019లో ఆగిపోయింది. ఎలుకల్లో అంత అద్భుతంగా పనిచేసింది మనుషుల్లో ఎందుకిలా అంటే రెండు మూడు కారణాలు కలిశాయి. డుషెన్ లాంటి జబ్బుల్లో కండే తగ్గిపోతుంది కాబట్టి మయోస్టాటిన్ ముందే తగ్గిపోయి ఉంటుంది, లేనిదాన్ని అడ్డుకుని లాభం ఏముంది. రెండోది యాక్టివిన్ ఏ, అది కూడా అదే రిసెప్టర్‌ని పట్టుకుని అదే స్మాడ్2, స్మాడ్3 దారిలో కండని ఆపుతుంది, 2017లో వచ్చిన ఒక పేపర్ ప్రకారం ఎలుకల కన్నా కోతుల్లో ఈ యాక్టివిన్ ఏ పాత్ర చాలా ఎక్కువ. అంటే ఒకర్ని గుమ్మం బయట ఆపితే ఇంకొకరు లోపలికి వచ్చేస్తున్నారు.

అయితే ఆ రిసెప్టర్ దగ్గరికి వచ్చేవాటన్నిటినీ ముందే పట్టేస్తే సరిపోతుంది కదా అని అనిపిస్తుంది, ఆక్సెలెరాన్ కంపెనీ దొంగ రిసెప్టర్ ఏసీఈ-031 ఆ ఆలోచనే. మెనోపాజ్ దాటిన ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్ళకి ఒక్క డోస్ ఇస్తే 29వ రోజుకి తొడ కండ పరిమాణం 5.1 శాతం పెరిగింది, వ్యాయామం లేకుండా ఒక్క ఇంజెక్షన్‌కి అది చిన్న సంఖ్య కాదు. కానీ డుషెన్ పిల్లల ట్రయల్‌లో ముక్కు నుంచి, చిగుళ్ళ నుంచి రక్తం కారడం, చర్మం కింద చిన్న రక్తనాళాలు ఉబ్బి ఎర్రగా కనిపించడం మొదలయ్యాయి, 2011లో ఆపేశారు. కారణం వెతికితే మళ్ళీ రిసెప్టర్ దగ్గరే దొరుకుతుంది. ఈ 2బీ రిసెప్టర్ కండ సొంతం కాదు, బీఎంపీ9, బీఎంపీ10 అనేవి కూడా దాన్ని పట్టుకుంటాయి, అవి రక్తనాళాల గోడలు సరిగ్గా ఉండటానికి కావాలి. దొంగ రిసెప్టర్ వాటిని కూడా మింగేసింది. జబ్బు పిల్లల తల్లిదండ్రులు ఎంత ఆశ పెట్టుకున్న మందో అది, అందుకే ఈ అడ్డుకోవడం అనే మాటని తేలిగ్గా వాడకూడదు.

ఆ కథ అక్కడితో ముగియలేదు. దొంగ రిసెప్టర్లు తీసుకున్నవాళ్ళలో హిమోగ్లోబిన్ పెరగడం కనిపించింది, అది చూసి దారి మార్చారు. 2బీ రిసెప్టర్‌లో ఒక్క ఆమైనో ఆసిడ్ మార్చి యాక్టివిన్ మీద పట్టు తగ్గించి తయారుచేసిన లస్పాటర్‌సెప్ట్‌ని 2019 నవంబర్‌లో బీటా తలసీమియా రక్తహీనతకి అమెరికాలో ఆమోదించారు, 2ఏ రిసెప్టర్ నుంచి తీసిన సొటాటర్‌సెప్ట్‌కి 2024 మార్చిలో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో బీపీ పెరిగే జబ్బుకి ఆమోదం వచ్చింది. కండ కోసం మొదలైన పని రక్తానికి, రక్తనాళాలకి మందైంది, అదే రిసెప్టర్ కుటుంబం అన్ని చోట్లా ఉండటం వల్లే.

మూడో దారిలో బిమాగ్రుమాబ్ ఉంది, నొవార్టిస్ పరీక్షించిన యాంటీబాడీ, 2ఏ, 2బీ రెండు రిసెప్టర్ల మీదా నేరుగా కూర్చుంటుంది. రక్తంలో తిరిగే బీఎంపీ9 ని ఇది మింగదు కాబట్టి ఏసీఈ-031 లో వచ్చిన రక్తస్రావం గొడవ దీనికి ప్రధాన సమస్య కాలేదు, కండ పట్టేయడం, విరేచనాలు, మొటిమలు లాంటివి ఎక్కువగా వచ్చాయి. ఇన్‌క్లూజన్ బాడీ మయోసైటిస్ అనే కండ జబ్బు ఉన్నవాళ్ళకి ఏడాది పాటు ఇస్తే కండ పెరిగింది, ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరు అనే పరీక్షలో మాత్రం తేడా రాలేదు. కండ పెరగడం, బలం పెరగడం ఒకటి కాదని ఇంతకన్నా బాగా చెప్పే ఫలితం ఉండదు. నిజానికి ఎలుకల్లోనే దీని సూచన వచ్చింది, మయోస్టాటిన్ లేని ఎలుకల కండ సైజుకి తగ్గ శక్తి ఇవ్వట్లేదని 2007లో, కండని ఎముకకి కట్టి ఉంచే వాటి స్నాయుబంధాలు చిన్నగా, పెళుసుగా ఉన్నాయని 2008లో పేపర్లు వచ్చాయి.

బిమాగ్రుమాబ్‌కి రెండో జన్మ బరువు తగ్గించే మందుల వల్ల వచ్చింది. ఊబకాయం, టైప్ 2 డయాబెటిస్ ఉన్న 75 మంది మీద 48 వారాలు చేసిన ట్రయల్‌లో, 2021లో బయటికొచ్చింది, కొవ్వు సుమారు 20 శాతం తగ్గి, లీన్ మాస్, అంటే కండ కలిసిన, కొవ్వు కాని బరువు, 3.6 శాతం పెరిగింది. బరువు తగ్గుతున్నప్పుడు కండ పెరగడం అనేది మామూలుగా జరిగే పని కాదు. సెమాగ్లుటైడ్ లాంటి మందులతో బరువు తగ్గితే పోయినదాంట్లో కండ వాటా కూడా గణనీయంగా ఉంటుంది. 2025లో చెప్పిన ఒక ట్రయల్‌లో సెమాగ్లుటైడ్ ఒక్కటే వాడినవాళ్ళకి పోయిన బరువులో 71.8 శాతం కొవ్వు, రెండూ కలిపి వాడినవాళ్ళకి 92.8 శాతం కొవ్వు. కండ జబ్బు ఉన్న రోగి నడకని మెరుగుపరచలేకపోయిన యాంటీబాడీ, ఉన్న కండ పోకుండా కాపాడటంలో మాత్రం పనికొస్తోంది, ఈ రెండు పనులూ ఎంత వేరో దీన్ని బట్టి అర్థమవుతుంది.

కాపాడటం అనే ఈ కోణానికి ఇంకో సాక్ష్యం అంతరిక్షం నుంచి వచ్చింది. 2019 డిసెంబర్‌లో 40 ఎలుకల్ని స్పేస్ స్టేషన్‌కి పంపారు, 33 రోజులు అక్కడున్నాయి. ఏ రక్షణా లేని ఎలుకల్లో కొన్ని కండలు 18 శాతం దాకా తగ్గాయి, మయోస్టాటిన్ లేని ఎలుకలు కండని చాలావరకు నిలబెట్టుకున్నాయి, దొంగ రిసెప్టర్ ఇచ్చిన ఎలుకలకైతే బరువే తెలియని చోట కూడా కండతో పాటు ఎముక కూడా పెరిగింది.

ముందు చెప్పిన నిద్రపోతున్న రూపానికి వస్తే, అపిటెగ్రోమాబ్ అనే యాంటీబాడీ పనిచేసే మయోస్టాటిన్‌ని గానీ రిసెప్టర్‌ని గానీ ముట్టుకోదు, ప్రోపెప్టైడ్ చుట్టుకుని ఉన్న దశలోనే పట్టుకుని విడుదల కానివ్వదు. ప్రోపెప్టైడ్ ఆకారం ఈ కుటుంబంలో ఒక్కో ప్రొటీన్‌కి ఒక్కోలా ఉంటుంది కాబట్టి యాక్టివిన్, బీఎంపీ9 జోలికి పోకుండా మయోస్టాటిన్ ఒక్కదాన్నే ఆపొచ్చు. స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ అనే జబ్బు ఉన్న పిల్లలకి, నరాల కోసం వాడే మందులతో పాటు దీన్ని ఇస్తే, 2024లో మూడో దశ ట్రయల్‌లో కదలికల స్కోరు ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి డోస్) కన్నా మెరుగైంది. ఇక్కడ పనిచెయ్యడానికి కారణం కూడా ఊహించొచ్చు, ఈ జబ్బులో తప్పు నరంలో ఉంది, నరాన్ని వేరే మందు నిలబెడుతోంది, కండ పోగు మాత్రం డుషెన్‌లోలా లోపల్నుంచి చిరిగిపోతూ లేదు, పెరగమంటే పెరగగలిగే స్థితిలో ఉంది.

ఇవన్నీ చదివి ఫాలిస్టాటిన్ పౌడర్ అని, మయోస్టాటిన్ బ్లాకర్ క్యాప్సూల్ అని ఆన్‌లైన్‌లో కనిపించేవి కొనేవాళ్ళు ఉంటారు. ఫాలిస్టాటిన్ ప్రొటీన్, మింగితే కడుపులో, పేగులో మిగతా ప్రొటీన్లలాగే ఆమైనో ఆసిడ్‌లుగా విరిగిపోతుంది, మయోస్టాటిన్‌ని చుట్టేసే ఆకారమే మిగలదు. పైన చెప్పిన యాంటీబాడీలు, దొంగ రిసెప్టర్లు అన్నీ ఇంజెక్షన్‌గానో డ్రిప్‌గానో ఇచ్చింది అందుకే. ఇక ఇంజెక్షన్ రూపంలో దొంగచాటుగా అమ్మేవాటితో ప్రమాదం వేరే, ఏసీఈ-031 పేరుతో అమ్మే సీసాలో నిజంగా అదే ఉంటే రక్తనాళాల సమస్య కూడా దాంతోపాటే వస్తుంది, అది లేకపోతే ఒంట్లోకి ఏం వెళ్తోందో చెప్పలేం. క్రీడాకారులకైతే ఇంకో లెక్క ఉంది, ప్రపంచ యాంటీ డోపింగ్ ఏజెన్సీ 2008 నుంచే మయోస్టాటిన్ పనిని మార్చే పదార్థాల్ని నిషేధించింది, ఇప్పుడు ఆ లిస్టులో యాక్టివిన్ రిసెప్టర్ 2బీ ని పనిచెయ్యనివ్వని యాంటీబాడీలు, దొంగ రిసెప్టర్లు, ఫాలిస్టాటిన్ అన్నీ ఉన్నాయి.